ల్యాప్‌టాపు ముందా, స్పానరు ముందా

కోయంబత్తూరులో గణపతి, ఆవారంపాళయం, పీళమేడు వైపు సందుల్లో లేత్ చప్పుడు ఆగే వేళంటూ ఉండదు. ఇంటి వెనక ఒక షెడ్డు, షెడ్డులో రెండు మూడు యంత్రాలు, నలుగురు పనివాళ్ళు. దాన్ని అక్కడ పట్టరై అంటారు. వాటి యజమానుల్లో చాలామందికి ఇంటి భాష తెలుగు. విజయనగరం కాలంలోనూ, మదుర నాయకరాజుల కాలంలోనూ దక్షిణానికి దిగి నల్లరేగడిలో పత్తి పండించిన కుటుంబాలవి. పత్తి వెంట మిల్లు వచ్చింది, మిల్లు వెంట మోటారు వచ్చింది, మోటారు వెంట కార్ల పిచ్చి వచ్చింది.

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ నా కల్పన. మామది పీళమేడు. అరవై దాటాయి, కుర్రతనంలో షోలవరం రేసులకు పోయే కార్ల ఇంజిన్లు విప్పి బిగించిన చెయ్యి. అల్లుడిది మదుర. ఇంజినీరింగు చదివి, కారు ఇంజినును నడిపే ఈసీయూ అనే కంప్యూటర్లకు మ్యాపులు, అంటే పెట్రోలు, స్పార్కు లెక్కల పట్టికలు, రాయడమే వృత్తిగా పెట్టుకున్నాడు. వాళ్ళిద్దరి నడుమ నిలబెట్టిన బండి కూడా కల్పితమే, దాని జబ్బులు మాత్రం కావు. అది 1980ల చివరినాటి మాజ్డా ఆర్‌ఎక్స్‌-7. పిస్టన్లు లేని రోటరీ ఇంజిను, రెండు రోటర్లు, మొత్తం 1,308 సీసీ. ఎవరో ఫ్యాక్టరీ టర్బో తీసేసి అంతకంటే పెద్దది బిగించారు. లావుపాటి ఎగ్జాస్టు పైపు వేశారు, కొత్త ఈసీయూ పెట్టారు. ఇప్పుడు బూస్టు, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, 10 పీఎస్‌ఐ దగ్గర ఆగాల్సింది 15కు పోతోంది. 5,500 ఆర్‌పీఎం దాటితే ఇంజిను దగ్గుతోంది. బాగా వేడెక్కాక ఆపితే మళ్ళీ స్టార్టు కావడానికి మొరాయిస్తోంది. సొంతదారుడికి వచ్చే ఆదివారం చెట్టిపాళయం కరి మోటార్ స్పీడ్‌వేలో దాన్ని తిప్పాలని ఉంది.

మామ: ఏమల్లుడూ, బానెట్టు తెరవక ముందే ల్యాప్‌టాపు తెరిస్తివే!

అల్లుడు: బానెట్టు కింద జరిగేదంతా ఇందులోనే ఉండాది మామా. సెకనుకు యాభైసార్లు రాసుకుంటాది. ఆర్‌పీఎం, బూస్టు, గాలి వేడి, పెట్రోలు లెక్క, ఎగ్జాస్టులో మిగిలిన ఆక్సిజను, అన్నీ. 5,500 దగ్గర చూడండి, పెట్రోలు తక్కువై మిశ్రమం లీన్ అయిపోతా ఉండాది. మ్యాపులో ఈ గడుల్లో పెట్రోలు ఆరు శాతం పెంచితే దగ్గు పోతాది.

మామ: పెంచితివా?

అల్లుడు: నిన్న రాత్రి పెంచినా.

మామ: దగ్గు పోయిందా?

అల్లుడు: కొంచెం ఎక్కువైంది. ఇంకా పెంచాలేమో.

మామ: ఆగప్పా. వేడి మీద స్టార్టు కాదని ఆయన చెప్పినాడు గదా, దానికి నీ గడుల్లో ఏ లెక్క ఉండాది? చల్లగా ఉన్నప్పుడు గబుక్కున అందుకునే ఇంజిను వేడెక్కాక అందుకోలేదంటే నేను మొదట అనుమానించేది కంప్రెషను. చల్లని ఇంజినులో నూనె చిక్కగా ఉంటాది, సీలు పక్కన సందు ఉన్నా మూస్తాది. వేడెక్కితే నూనె పలచబడి ఆ సందు బయటపడతాది. మ్యాపు చివర రాయొచ్చు. ముందు ఇంజిను బతికుండాదా లేదా చూడు.

అల్లుడు: స్టార్టింగులో పోసే పెట్రోలు లెక్క తప్పినా వేడి మీద అట్లే చేస్తాది మామా. ఇంజెక్టరు కారినా చేస్తాది.

మామ: చేస్తాది. ఆ మూటిలో ఏదో తేల్చకుండా నువ్వు 5,500 దగ్గర పెట్రోలు పోస్తుండావు. అది నా బాధ.

*

ఇక్కడ ఒక్కమాట. రోటరీని ఎరగని పాఠకుడికి మామ తొందర అర్థం కాకపోవచ్చు. ఉబ్బిన త్రిభుజంలాంటి రోటరు, నడుము నొక్కిన అండాకారపు గదిలో తిరుగుతుంది. రోటరు మూడు ముఖాలూ మూడు దహన గదులు. వాల్వులు లేవు, గోడలో తెరిచిన కంతలే గాలికి దారి. రోటరు ఒక చుట్టు తిరిగేసరికి దాని కింది షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. త్రిభుజం మూడు కొనలకూ గోడను రాసుకుంటూ పోయే సన్నని పట్టీలుంటాయి. వాటినే అపెక్స్ సీళ్ళు అంటారు. ఈ కారులో వాటి మందం 2 మిల్లీమీటర్లు. ఒక్కో రోటరుకు రెండు ప్లగ్గులు: ముందు కొట్టేది లీడింగు, కొంచెం వెనక కొట్టేది ట్రెయిలింగు. నాకింగును, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలడాన్ని, పిస్టను ఇంజిను కొంతకాలం భరిస్తుంది. ఇక్కడ గట్టి నాకింగు రెండు మూడు తగిలితే సీలు విరుగుతుంది, విరిగిన ముక్క ఎగ్జాస్టులోంచి టర్బో రెక్కల్లోకి పోతుంది. ఒక్క దెబ్బకు రెండు ఖర్చులు.

*

అల్లుడు: సరే, కంప్రెషను చూద్దాం. మీ దగ్గరున్న గేజీ దీనికి పనికిరాదు. అది ముల్లు ఎక్కడిదాకా పోయిందో అక్కడ ఆగిపోతాది. ఒక రోటరుకు మూడు ముఖాలు గదా, మూడింట్లో మంచి ముఖం లెక్కే చూపిస్తాది, చెడ్డది దాని చాటున దాక్కుంటాది.

మామ: గేజీ ఎవరికి కావాలరా? ప్లగ్గు ఒకటి తీసి స్టార్టరు తిప్పు. కంతలోంచి ఫుస్ ఫుస్ ఫుస్ అని మూడు సమానంగా రావాలి. ఒకటి మెత్తగా వచ్చిందంటే జబ్బు తెలిసిపోయినట్టే.

అల్లుడు: మెత్తన అంటే ఎంత? 95కూ 80కీ తేడా మీ చెవి చెప్తాదా? కొత్త ఇంజినులో 100 పీఎస్‌ఐ పైన రావాలి, 85 కిందికి దిగితే ఇంజిను దించే ఆలోచన మొదలుపెట్టాలి. ఆ 15లోనే గదా సంగతంతా. పైగా స్టార్టరు ఎంత వేగంగా తిప్పితే అంత ఎక్కువ వస్తాది. 250 ఆర్‌పీఎంకు సరిచేసి చదవాలి. మీ బ్యాటరీ డల్‌గా ఉంటే మంచి ఇంజిను కూడా మీ చెవికి చెడ్డదే. ట్రెయిలింగ్ ప్లగ్గు కంతలో నేను ప్రెషర్ సెన్సరు బిగిస్తా. మూడు ముఖాలూ మూడు కొండల మాదిరి తెర మీద కనపడతాయి.

మామ: అంటే నేనడిగిన పరీక్షకు నీ పెట్టె కావాలంటావు.

అల్లుడు: కావాలి. ఇంజిను వేడెక్కనీయండి, వేడి మీదే చూడాలి. అందాక బూస్టు సంగతి తేలుద్దాం. దానికి ఎలక్ట్రానిక్ బూస్ట్ కంట్రోలరు పెట్టి పదికి కడితే సరి.

మామ: కట్టలేవు.

అల్లుడు: ఎందుకు?

మామ: ఎగ్జాస్టును టర్బైను పక్కనుంచి మళ్ళించే వేస్ట్‌గేట్‌లో స్ప్రింగు ఎంతది? పదిదే గదా. పది రాంగానే గేటు తెరుచుకుంటాది. నీ కంట్రోలరు ఏం చేస్తాది? గేటుకు పోయే గాలిని కొంచెం దొంగిలించి, గేటును ఇంకాసేపు మూసి ఉంచుతాది. అంటే బూస్టు పెంచగలదు గాని స్ప్రింగు లెక్క కంటే దించలేదు. ఈ బండిలో గేటు పూర్తిగా తెరుచుకోనే ఉండాది, అయినా బూస్టు పాకతా ఉండాది. నీ లాగ్‌లోనే చూడు. 4,000 దగ్గర పది, 5,000 దగ్గర పన్నెండు, 6,000 దగ్గర పదహైదు. ఒక్కసారిగా ఎగరలేదు, వేగంతోపాటు పాకింది. గేటు ఇరుక్కున్నా, దాని హోసు ఊడినా ఇట్ల మెల్లగా పాకదు, నిట్టనిలువుగా పోతాది.

అల్లుడు: అది నిజమే. గీత వాలుగానే ఉండాది.

మామ: మానిఫోల్డు కింద చెయ్యి పెట్టి చూడు. వేస్ట్‌గేట్ పైపును పక్కకు లంబంగా వెల్డు చేసినారు. ఎగ్జాస్టు తిన్నగా టర్బైనులోకే పోతాది, పక్కకు ఎందుకు తిరుగుతాది? కల్యాణ మండపంలో జనమంతా పెద్ద వాకిలికే పోతారు, వంటింటి పక్క వాకిలి బార్లా తెరిచినా ఎవరూ అటు చూడరు. అందులోనూ వీళ్ళు లావు పైపు వేసినారు. టర్బో వెనక అడ్డం తగ్గిపోయింది, టర్బైను ఇంకా సుళువుగా తిరుగుతాది. పాత ఫ్యాక్టరీ టర్బోకే ఈ రోగం ఉండేది. గేటు కంత చిన్నది, ఎగ్జాస్టు మార్చిన వాళ్ళందరికీ బూస్టు పాకేది. దీనికి మందు మిల్లింగు యంత్రం మీద ఉండాది. పైపు కోసి, ఎగ్జాస్టు వచ్చే దిక్కుకు వాలుగా, ఇంకా లావుగా మళ్ళా వెల్డు చెయ్యాలి. గేటు కూడా పెద్దది కావాలి.

అల్లుడు: అది జరిగేదాకా 12 దాటితే పెట్రోలు ఆపేసేటట్టు నేను హద్దు పెడతా.

మామ: బూస్టు మీద పెట్రోలు ఆపితే లీన్ అయిపోదా? సీలుకు ఉరి.

అల్లుడు: ఒక ఇంజెక్టరు ఆపి ఇంకొకటి నడిపితే లీన్. నాలుగూ ఒకేసారి ఆపితే లోపల గాలి తప్ప ఏమీ ఉండదు, అంటుకొనేదానికి ఏముండాది? ఫ్యాక్టరీ వాళ్ళు కూడా అట్లే ఆపినారు, బూస్టు మితి మీరితే పెట్రోలు కట్. స్పార్కు ఆపి పెట్రోలు పోస్తా ఉంటే గదా ప్రమాదం. ఆ పెట్రోలంతా టర్బోలో పోయి అంటుకుంటాది.

మామ: సరే, కాపలాకు పెట్టుకో. బాగైందని మాత్రం ఆయనకు చెప్పొద్దు.

*

మామ ఈ విడత గెలిచాడనే అనాలి. బూస్టు పాకడం ఇనుములోని లోపం, సాఫ్ట్‌వేరు దాని చుట్టూ కంచె వేయగలదంతే. దగ్గు సంగతి ఇంత సుళువుగా తేలలేదు. అల్లుడు చూపిన లెక్క అబద్ధం కాదు, ఎగ్జాస్టులో ఆక్సిజను నిజంగానే ఎక్కువగా ఉంది.

*

అల్లుడు: వైడ్‌బ్యాండ్ సెన్సరు చూపిస్తా ఉండాది మామా. 5,500 దాకా లాంబ్డా 0.82, దగ్గిన చోట 0.90. బూస్టు మీద 0.75 ప్రాంతంలో ఉండాలి. పెట్రోలు చాలలేదు.

మామ: ఆ సెన్సరు దేన్ని కొలుస్తాది?

అల్లుడు: మిగిలిన ఆక్సిజనును.

మామ: పెట్రోలును కొలవదు గదా. ఇప్పుడు చెప్పు. స్పార్కు ఒకసారి తప్పింది. లోపలికి పోయిన గాలీ పెట్రోలూ అట్లే మండకుండా బయటికి వచ్చినాయి. ఆ గాల్లో ఆక్సిజను ఎంత ఉంటాది?

అల్లుడు: ...మొత్తం ఉంటాది.

మామ: అప్పుడు నీ సెన్సరు ఏమంటాది?

అల్లుడు: లీన్ అంటాది.

మామ: నువ్వేమో ఆరు శాతం పోస్తివి. ప్లగ్గు ఇంకా తడిసింది. అందుకే దగ్గు ఎక్కువైంది. ప్లగ్గులు తీసి చూడు, నల్లగా, తడిగా ఉంటాయి. లీన్‌లో మండిన ప్లగ్గు అట్ల ఉండదు.

(తీశారు. ముందువైపు రెండూ తడిగానే ఉన్నాయి.)

అల్లుడు: నిజమే. కానీ పెట్రోలు తగ్గినా దగ్గుతాది గదా. రెండింటికీ తెర మీద ఒకే ముఖం. పెట్రోలు ప్రెషరు కూడా లాగ్ చెయ్యకపోవడం లోటు. రైలులో ప్రెషరు బూస్టుతోపాటు పెరగాలి. మామూలుగా 40 ఉంటే, బూస్టు 10 ఉన్నప్పుడు 50 ఉండాలి. పెరగకపోతే నిజంగా లీన్. పెరిగి కూడా లీన్ చూపిస్తే మీరన్నట్టు స్పార్కు. ఒక్క సెన్సరు ఉంటే ఈ వాదమే ఉండేది కాదు.

మామ: ప్లగ్గు తీసినా ఉండేది కాదు.

అల్లుడు: ప్లగ్గు మొత్తం ప్రయాణాన్ని కలిపి చెప్తాది మామా. 5,500 దగ్గర ఏం జరిగిందో విడిగా చెప్పదు. ట్రాఫిక్కులో పది నిమిషాలు ఐడిలింగులో నిలబడినా ఈ రోటరీ ప్లగ్గు నల్లబడతాది.

మామ: ఒప్పుకున్నా. సరే, స్పార్కు ఎందుకు తప్పుతాది, అది చెప్పు. మారుతి ఇంజినులో 6,000 దగ్గర ఒక ప్లగ్గు సెకనుకు ఎన్నిసార్లు కొడతాది?

అల్లుడు: యాభై.

మామ: ఇందులో?

అల్లుడు: షాఫ్టు చుట్టుకు ఒకసారి, అంటే వంద. కాయిలు నిండేదానికి దొరికే టైము సగం.

మామ: దానికి తోడు బూస్టు. లోపల గాలి ఎంత ఒత్తుగా ఉంటే స్పార్కు దూకేదానికి అంత వోల్టేజి కావాలి. ఈ కాయిలుకు కరెంటు యాడనించి వస్తాదో చూడు. ముప్పై ఏళ్ళు దాటిన ఇగ్నిషన్ స్విచ్చి, సన్న తీగ. బ్యాటరీ దగ్గర 13.8 ఉంటే కాయిలు దగ్గర ఎంతో మీటరు పెట్టి చూడు.

అల్లుడు: 11.6.

మామ: రిలే ఒకటి పెట్టి బ్యాటరీనించి నేరుగా లావు తీగ లాగు. పెట్రోలు పంపుకు కూడా. ప్లగ్గుల గ్యాపు తగ్గించు. లీడింగుకు 7 నంబరు పెట్టినారు, ఫ్యాక్టరీలో అట్లే ఉంటాది, ట్రెయిలింగుకు 9. ఈ బూస్టుకు నాలుగూ 9 పెట్టు, చల్లని ప్లగ్గులు. ఊళ్ళో మెల్లగా తిరిగేటప్పుడు తొందరగా నల్లబడతాయి, పడనీ. దాని తర్వాత నీ ఆరు శాతం వెనక్కి తీసి మళ్ళా లాగ్ చెయ్.

అల్లుడు: కాయిలు నిండే టైము పట్టికను కూడా వోల్టేజిని బట్టి నేను సరిచెయ్యాలి. ఎక్కువ ఇస్తే కాయిలు కాలిపోతాది, తక్కువైతే మళ్ళా ఇదే కథ. అది మీ స్పానరుతో అయ్యే పని కాదు.

*

మామకు కోపం వచ్చింది ఇక్కడే. ఆయన దృష్టిలో కోయంబత్తూరు మోటారు విద్య అంతా చేతి విద్య.

*

మామ: ఈ ఊళ్ళో నేర్పిందెవరో తెల్సునా? జి.డి. నాయుడుగారు. 1893లో కళంగళ్‌లో పుట్టినాడు, బడి చదువు అంతంతమాత్రం. ఒక తెల్లదొర మోటారు సైకిలు చూసి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ బండే కొని, ఇంటికి తెచ్చి నట్టు నట్టూ విప్పి మళ్ళా బిగించినాడు. 1920లో ఒక్క బస్సుతో పొళ్ళాచ్చి–పళని నడిపినాడు. 1937లో ఈ పీళమేడులోనే కరెంటు మోటారు తయారైంది. 1945లో సాంకేతిక కళాశాల పెడితే, అన్నేండ్ల చదువు అక్కర్లేదు, చేతిపని పెట్టండని దొరతనంతో గొడవపడినాడు. విప్పి చూడాలి, అదీ మా చదువు.

అల్లుడు: విప్పినాడు సరే. మళ్ళా బిగించేటప్పుడు మైక్రోమీటరు లేకుండా బిగించినాడా? మోటారు తీగ చుట్టలు వేళ్ళమీద లెక్కపెట్టి చుట్టినారా?  ఇప్పుడుంటే ల్యాప్‌టాపు మొదట విప్పి చూసేవాడు ఆయనే.

మామ: కరివర్ధన్‌కు ల్యాప్‌టాపు యాడుండాది? లక్ష్మీ మిల్స్ ఇంటి పిల్లోడు, మారుతి 800 ఇంజిను తీసి, 796 సీసీ, మూడు సిలిండర్లు, దాన్ని ఒంటి సీటు రేసుకారులో పెట్టినాడు. ఆ బండ్ల మీద నేర్చుకుని ఎందరు రేసుల్లోకి వచ్చినారు! 1995లో విమానం కూలి పోయినాడు, ఆయన పేరే ఇప్పుడు చెట్టిపాళయం ట్రాక్‌కు ఉండేది. ఆ ఇంజిన్లను మేము చెవితోనే ట్యూన్ చేసినాము.

అల్లుడు: ఆ ఇంజినుకు టర్బో లేదు, కార్బురేటరు ఉండాది, అందరి బండీ ఒకటే. తప్పు చేస్తే ఒక సెకను పోతాది, ఇంజిను పోదు. దీంట్లో నాకింగు మీ చెవికి వినపడేసరికి సీలు రెండు ముక్కలు. మాజ్డా వాళ్ళే టర్బో పెట్టినప్పుడు నాక్ సెన్సరు కూడా పెట్టినారు. చెవి చాలుననుకుంటే పెడతారా?

మామ: అసలు ఈ ఇంజినుకు టర్బో ఎందుకంటా? 1991లో లెమాన్ రేసు గెలిచిన మాజ్డా 787బికి టర్బో ఉండాదా? లేదు. నాలుగు రోటర్లు, ఊపిరి తనది తాను తీసుకుని, ఇరవైనాలుగు గంటలు పరుగెత్తింది.

అల్లుడు: నాలుగు రోటర్లు మామా, 2.6 లీటర్లు. మనకు రెండే. ఇంకోటి, రోటరీకి టర్బో బాగా నప్పుతాది. ఎగ్జాస్టు కంత ఒక్కసారిగా తెరుచుకుంటాది, మండుతున్న వేగంతోనే గాలి బయటికి దూకుతాది, వేడి కూడా ఎక్కువ. పిస్టను ఇంజినులో దొరకని ఊపు టర్బైనుకు దీంట్లో ఊరకే దొరుకుతాది. దాన్ని పారేస్తారా?

మామ: దొరికేదంతా తినాలనే రూలు లేదు. ఎన్‌ఎస్‌యూ వాళ్ళ కథ చూడు. 1967లో ఇదే రోటరీతో రో 80 కారు దించినారు, మరుసటి ఏడు యూరప్‌లో ఆ యేటి కారు అని బహుమతి. సీళ్ళు పోయి, వారంటీ కింద ఇంజిన్లు మార్చి మార్చి నడుము విరిగింది. 1969కి కంపెనీ వోక్స్‌వ్యాగన్ చేతికి పోయింది. కొన్నవాళ్ళ మీదే పరీక్ష చేస్తే అంతే.

అల్లుడు: నా మాటే మీరు చెప్తుండారు. అదే సీలుతో మాజ్డా ఎట్ల బయటపడింది? యామమోటో కెనిచీ కింద నలభై ఏడు మంది ఇంజినీర్లు కూచున్నారు. గోడ మీద అలలు అలలుగా గీతలు పడతాయి, వాటిని దయ్యం గోళ్ళ గీతలు అనేవాళ్ళు. అది గట్టితనం తక్కువై వచ్చిన అరుగుడు కాదు, సీలు తన లయలో వణకడం వల్ల వచ్చింది అని పట్టుకున్నారు. వణుకును చెవితో పట్టుకోలేరు గదా. సీలుకు అడ్డంగా నిలువుగా కంతలు తొలిచి ఆ లయ మార్చినారు, తర్వాత కార్బను, అల్యూమినియం కలిపి సీలు చేసినారు. 1967లో మాజ్డా కాస్మో కారు బయటికి వచ్చింది.

మామ: కంతలు తొలిచింది ఎవరప్పా? డ్రిల్లింగు మిషను ముందు నిలబడినవాడే గదా!

*

ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారని రాస్తే అబద్ధమవుతుంది, మామ నవ్వలేదు. కాయిలుకు తీగ లాగడం మొదలుపెట్టాడు. అల్లుడు పెట్రోలు ట్యాంకు మూత తెరిచి వాసన చూశాడు. నాకు ఈ వాదంలో అల్లుడి బలమైన మాట అక్కడ మొదలైందనిపిస్తుంది.

*

అల్లుడు: ఈ మ్యాపు ఎప్పుడు రాసింది?

మామ: టర్బో వేసినప్పుడు. నాలుగైదేండ్లు అయి ఉంటాది.

అల్లుడు: అప్పటి పెట్రోలు వేరు, ఇప్పటిది వేరు. 2023 నుంచి బంకుల్లో ఈ20 వస్తా ఉండాది, నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు. ఒట్టి పెట్రోలు ఒక కిలో మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఈ20కి 13.5 చాలు. అంటే అదే గాలికి ఏడెనిమిది శాతం ఎక్కువ పోయాలి. పాత మ్యాపు పాత లెక్కలోనే పోస్తాది. అప్పుడు 0.76 ఉన్నది ఇప్పుడు 0.82. ఇంజినులో ఒక్క నట్టు మారలేదు, మీరు ఎన్నిసార్లు విప్పినా కనపడదు. లీన్ అయిపోయి ఉంటాది.

మామ: ఇథనాలు చల్లబరుస్తాది గదా, నాకింగు తగ్గదా?

అల్లుడు: తగ్గుతాది, సరిగ్గా పోస్తే. చాలకుండా పోస్తే ఆ లాభం పోతాది. మా మదురలో యుద్ధకాలంలో పెట్రోలు కరువొస్తే టీవీఎస్ వాళ్ళు బొగ్గు గ్యాసు ప్లాంటు చేసి బస్సులకు తగిలించినారు. అదే ఇంజిను, ఇంధనం వేరు. దానికి గాలి లెక్క మార్చకుండా బస్సు కదిలిందా? అందుకే నేను గాలి–పెట్రోలు నిష్పత్తి చూడను, లాంబ్డా చూస్తా. ఏ ఇంధనం పోసినా సరిగ్గా మండే చోటు ఒకటి, అంతకు తక్కువైతే రిచ్.

మామ: పాత రబ్బరు హోసులు కూడా చూడాలి, ఇథనాలుకు ఉబ్బుతాయి. ఇంజెక్టరు సీళ్ళు కూడా. వేడి మీద స్టార్టు కాకపోవడానికి నువ్వు చెప్పిన కారడం అదే అయి ఉండొచ్చు.

అల్లుడు: అయి ఉండొచ్చు.

మామ: ఇగ్నిషను ఎంత అడ్వాన్సు పెట్టినావు?

అల్లుడు: పది పీఎస్‌ఐ దగ్గర పాత మ్యాపు కంటే మూడు డిగ్రీలు తగ్గించినా. రోటరీలో అడ్వాన్సు ఎక్కువ పెడితే వచ్చే బలం కొంచెమే. దాని కోసం సీలు పణం పెట్టను. ట్రెయిలింగు ప్లగ్గు లీడింగుకు పది డిగ్రీలు వెనక.

మామ: మరీ తగ్గిస్తే ఎగ్జాస్టు వేడి పెరుగుతాది, టర్బో ఎర్రబడతాది.

అల్లుడు: వేడి సెన్సరు ఉండాది, చూసుకుంటా. గాలి వేడి ఇంకా పెద్ద బెంగ. ఇంటర్‌కూలరు ఇంజిను నెత్తిన కూచుంది. రెండు చుట్లు తిరిగి బండి ఆగితే అది పెనం. ఏప్రిలు ఎండలో చెట్టిపాళయంలో మూడో చుట్టుకు బూస్టు ఏడుకు దిగేటట్టు పెడతా.

మామ: నూనె మర్చిపోతివి. రోటరు లోపల చల్లబరిచేది నీళ్ళు కాదు, ఇంజిను ఆయిలు. ఆయిలు కూలరు ముందర ఆయన ఫ్యాన్సీ గ్రిల్లు పెట్టినాడు, గాలి సగం పోదు. అది తియ్యాలి. సీళ్ళకు తడి కోసం పంపు కొంచెం నూనె లోపలికి కొడతాది గాని ఈ బూస్టుకు చాలదు. పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిలు కలపమను, లీటరుకు ఏడెనిమిది మిల్లీలీటర్లు. ఆర్‌ఎక్స్‌100 బైకుకు పోసేదే.

అల్లుడు: ఆర్‌ఎక్స్‌-7కు ఆర్‌ఎక్స్‌100 ఆయిలా? ఆయన ఒప్పుకోడు.

మామ: డబ్బా మీద పేరు చించేసి ఇవ్వు.

*

ఇంజిను వేడెక్కింది. పెట్రోలు, స్పార్కు రెండూ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, అల్లుడు స్టార్టరు తిప్పాడు. తెర మీద ముందు రోటరు మూడు కొండలూ ఒకే ఎత్తున లేచాయి: 102, 100, 101. వెనక రోటరు: 98, 74, 76. మామ ఆ పక్కన చెవి పెట్టి వింటున్నాడు. తెర చూడకముందే తల అడ్డంగా ఊపాడు.

*

మామ: చెప్పలేదా. వెనకది పోయింది.

అల్లుడు: ఏది పోయిందో మీ చెవి చెప్పిందా? ఒక ముఖమే తగ్గి ఉంటే ఆ ముఖం పక్కనుండే సైడు సీలు. మూడూ తగ్గి ఉంటే మొత్తం అరుగుడు. ఇక్కడ పక్కపక్క రెండు ముఖాలు తగ్గినాయి. రెండు ముఖాల నడుమ ఉండేది ఒక్క అపెక్స్ సీలు. జబ్బు దాంట్లో ఉండాది.

మామ: పదహైదు బూస్టుకు వంగి ఉంటాది. ఇంజిను దించుదాం.

అల్లుడు: విరిగి ఉంటే 74 రాదు, ఇంకా చాలా కిందికి పడేది. మసి పట్టి గాడిలో ఇరుక్కుని ఉండొచ్చు. ప్లగ్గు కంతలోంచి నూనె పోసి ఒక దినం నాననిస్తా. తర్వాత వేడి చేసి మళ్ళా కొలుస్తా. పైకి వస్తే మసి, రాకపోతే వంగింది. దించేది అప్పుడు దించొచ్చు.

మామ: ఇరుక్కుందే అనుకో. ఎందుకు ఇరుక్కుంది? పాకిన బూస్టు, తప్పిన స్పార్కు, పోసిన పెట్రోలు. నూనెతో అవి పోతాయా? నానబెట్టి 90 తెచ్చి ఆదివారం ట్రాక్‌కు పంపితే మూడో చుట్టుకు ఆ సీలు టర్బోలో ఉంటాది.

అల్లుడు: ఆదివారం పంపుతానని నేను అనలేదు. నానబెట్టి కొలిచేది తెలుసుకొనేదానికి. ఇంజిను దించేది కూడా తెలుసుకొనేదానికే. ఒకటి ఒక దినం, ఇంకోటి ఒక నెల. గ్యాస్కెట్లు, సీళ్ళు జపాన్‌నుంచి రావాలి.

మామ: మానిఫోల్డు ఎట్లా కోసి వెల్డు చెయ్యాలి గదా, దానికి టర్బో దించాలి. టర్బో దించినప్పుడు ఎగ్జాస్టు కంతలోంచి టార్చి వేసి చూస్తే సీలు కనపడతాది. అద్దం పెట్టి, రోటరును చేత్తో తిప్పి, ఒక్కొక్క సీలు నొక్కి చూడొచ్చు. స్ప్రింగు మీద ఆడితే మంచిది, ఆడకపోతే ఇరుక్కుంది.

అల్లుడు: అది బాగుండాది. ముందు నూనె పోద్దాం, రేపు టర్బో దించుదాం, ఎల్లుండి నొక్కి చూద్దాం.

మామ: రేపు దించుదాం, నొక్కి చూసినాక నూనె పోద్దాం. నూనె పోసి చూస్తే అంతకు ముందు ఎట్ల ఉండెనో ఎవరికి తెలుసు?

అల్లుడు: ...సరే. అట్లే. ఆదివారం సంగతి ఆయనకు మీరు చెప్పండి.

మామ: నేనెందుకు? గ్రాఫులు నీ దగ్గరే గదా ఉండేది, చూపించి నువ్వే చెప్పు. పనిలో పనిగా ఆయిలు డబ్బా సంగతి కూడా.